యూప్ హైంకెస్: గొప్ప కోచ్‌ల పేర్లు చెప్పేటప్పుడు ఈయన ఎందుకు గుర్తురాడు?

కొత్త బంతి
అందరికీ నమస్తే. నేను జర్మన్ ఫుట్‌బాల్ చూడటం మొదలుపెట్టింది పెప్ గార్డియోలా బయెర్న్ మ్యూనిక్‌కి వచ్చాకే. మొన్న ఆఫీసులో లంచ్ టైమ్‌లో గొప్ప కోచ్‌లు ఎవరనే వాదన నడిచింది. ఫెర్గూసన్, మొరీన్యో, అన్చెలోట్టి, క్లాప్, పెప్, అందరూ వచ్చారు. హైంకెస్ పేరు ఒక్కరూ ఎత్తలేదు. ఇంటికొచ్చి చూస్తే ఈయన రెండు వేర్వేరు క్లబ్బులతో (రియల్ మాడ్రిడ్, బయెర్న్) చాంపియన్స్ లీగ్ గెలిచాడు. 2013లో బయెర్న్‌తో లీగ్, జర్మన్ కప్, చాంపియన్స్ లీగ్ మూడూ ఒకే సీజన్‌లో కొట్టాడు. అంతకుముందు ఏ జర్మన్ పురుషుల క్లబ్బుకీ చేతకాని పని అది. ఆటగాడిగా కూడా చిన్నవాడేం కాదట.

మరి ఎందుకు లెక్కలోకి రాడు? నా అనుమానం చెప్తాను, తిట్టకండి. టీమ్ అప్పటికే రెడీగా ఉంది, పెప్ వచ్చేదాకా ఈయన కుర్చీ చూసుకున్నాడు. అంతేనా?

ఆఫ్‌సైడ్ ఆనందం
అంతే. రాబెన్, రిబెరీ, లామ్, ష్వైన్‌స్టైగర్ ఉన్న టీమ్‌కి నన్ను కోచ్‌గా పెట్టినా లీగ్ తెచ్చిపెడతా.

తెల్లారుజాము
తెస్తావులే ఆనందం. నువ్వు చెప్పిన ఆ నలుగురూ 2010-11లో కూడా ఉన్నారు, కోచ్ వాన్ గాల్. సీజన్ ముగియకముందే ఆయన్ని పంపించేశారు, చివరికి వచ్చింది మూడో స్థానం. ఆ ఏడాదీ, మరుసటి ఏడాదీ లీగ్ ఎత్తుకెళ్లింది క్లాప్ కోచ్‌గా ఉన్న డోర్ట్‌మండ్. పేర్లు చూసి కప్పులు రావు.

కొత్త బంతీ, హైంకెస్‌ని 2013 నుంచి మొదలుపెడితే ఏమీ అర్థం కాదు. ఆయనది 1964లో మొదలైన కథ. లెక్కల పంతులు గారిని రమ్మనండి, ఆయన దగ్గర అన్నీ ఉంటాయి.

లెక్కల పంతులు
పిలిచారు కదా, వచ్చాను.

పుట్టింది 1945 మే 9న, మోన్షెన్‌గ్లాడ్‌బాక్‌లో. సొంత ఊరి క్లబ్బు బొరుస్సియాలో (గ్లాడ్‌బాక్ అంటే ఇదే) 1964లో చేరాడు. మరుసటి ఏడాదే ఆ క్లబ్బు బుండెస్‌లీగాలోకి, అంటే జర్మనీ టాప్ లీగ్‌లోకి వచ్చింది. 1967 నుంచి 70 దాకా హానోవర్‌లో ఆడాడు, మళ్లీ గ్లాడ్‌బాక్‌కి తిరిగొచ్చాడు. మొత్తం బుండెస్‌లీగాలో 369 మ్యాచ్‌లు, 220 గోల్స్. అందులో గ్లాడ్‌బాక్ తరఫున 195, హానోవర్ తరఫున 25. ముల్లర్, లెవాండోవ్‌స్కీ, క్లౌస్ ఫిషర్ తర్వాత ఈయనే. 1974లో గెర్డ్ ముల్లర్‌తో కలిసి టాప్ స్కోరర్, ఇద్దరికీ చెరి 30. 1975లో ఒక్కడే, 27. లీగ్ టైటిళ్లు నాలుగు: 1971, 75, 76, 77. జర్మన్ కప్ 1973. యూఫా కప్ (యూరప్ క్లబ్బుల మధ్య జరిగే ఇంకో కప్పు) 1975. ఆ యూఫా కప్ ఫైనల్ అంటే అప్పట్లో రెండు మ్యాచ్‌లు (లెగ్‌లు): మొదటి లెగ్ సొంతగడ్డ మీద 0-0, రెండో లెగ్‌లో డచ్ క్లబ్బు ట్వెంటె ఊరికి వెళ్లి 5-1 కొట్టారు, ఈయనది హ్యాట్రిక్.

దేశం తరఫున 39 మ్యాచ్‌లు, 14 గోల్స్. 1972 యూరో గెలిచిన జట్టులో ఉన్నాడు, ఫైనల్ ఆడాడు. 1974 ప్రపంచ కప్‌లో మొదటి రెండు మ్యాచ్‌లు ఆడాడు, తర్వాత దెబ్బ తగిలి కూర్చున్నాడు. మెడల్ ఉంది, ఫైనల్ లేదు.

రైన్ ఒడ్డు
పంతులు గారు అంకెలు ఇచ్చేశారు కాబట్టి నేను ఊరి సంగతి చెప్తా. నేను ఉండేది డ్యూసెల్‌డార్ఫ్ దగ్గర, గ్లాడ్‌బాక్ ఇక్కడికి రైల్లో అరగంట కూడా పట్టదు. బట్టల మిల్లుల ఊరు. హైంకెస్ నాన్న కమ్మరి. పదిమంది పిల్లల్లో ఈయన తొమ్మిదోవాడు. ఫుట్‌బాల్‌తో ఇల్లు గడుస్తుందని ఎవరూ అనుకోని కాలం కాబట్టి గోడలకు, సీలింగులకు ప్లాస్టరింగ్ చేసే పని నేర్చుకున్నాడు. ఇప్పటి అకాడమీ పిల్లలకి అసలు ఊహకే అందని బాల్యం.

వాళ్ల పాత స్టేడియం బోకెల్‌బర్గ్ ఇప్పుడు లేదు. కూల్చేసి ఇళ్లు కట్టారు. స్టాండ్లు ఉన్న వాలు మాత్రం గడ్డి మొలిచి ఇంకా తెలుస్తుంది. ఆ ఇళ్ల మధ్య నడుస్తుంటే ఇక్కడ ఇంటర్ మిలన్ ఏడు గోల్స్ తిన్నదంటే నమ్మబుద్ధి కాదు.

కొత్త బంతి
ఇంటర్ ఏడు గోల్సా? ఎప్పుడు?

రైన్ ఒడ్డు
1971 అక్టోబర్ 20, యూరోపియన్ కప్ (ఇప్పటి చాంపియన్స్ లీగ్). స్కోరు 2-1 ఉన్నప్పుడు గ్యాలరీ నుంచి ఎవరో విసిరిన కోక్ టిన్ను ఇంటర్ స్ట్రైకర్ బోనిన్‌సెన్యాకి తగిలింది. ఆయన పడిపోయాడు, స్ట్రెచర్ మీద బయటికి తీసుకెళ్లారు. నిజంగా అంత దెబ్బ తగిలిందా, నటించాడా అన్నది ఇక్కడి ముసలాళ్లు ఇప్పటికీ బీరు ముందు పెట్టుకుని వాదించుకుంటారు. మ్యాచ్ 7-1 అయింది, హైంకెస్‌వి రెండు. కానీ యూఫా ఆ ఫలితాన్ని రద్దు చేసింది. మిలన్‌లో 4-2 ఓడారు, బెర్లిన్‌లో మళ్లీ ఆడించిన మ్యాచ్ 0-0. ఏడు గోల్స్ కొట్టిన టీమ్ ఇంటికి, తిన్న టీమ్ తర్వాతి రౌండ్‌కి.

ఆఫ్‌సైడ్ ఆనందం
ఇది మాత్రం అన్యాయం, ఒప్పుకుంటా. అయినా ఆటగాడిగా గొప్పవాడు కాదని ఎవరన్నారు? థ్రెడ్ కోచ్ గురించి.

లెక్కల పంతులు
కోచ్ దగ్గరికి వెళ్లేముందు ఆనందం గారూ, ఒక్క మ్యాచ్ చెప్పనివ్వండి. ఇది దాటేసి హైంకెస్ గురించి మాట్లాడకూడదు.

1978 ఏప్రిల్ 29, లీగ్ ఆఖరి రోజు. కొలోన్, గ్లాడ్‌బాక్ పాయింట్లు సమానం. గోల్ తేడాలో కొలోన్ పది ముందుంది. అంటే టైటిల్ అయిపోయినట్టే. బోకెల్‌బర్గ్‌లో పనులు జరుగుతున్నాయని గ్లాడ్‌బాక్ మ్యాచ్ డ్యూసెల్‌డార్ఫ్‌లో పెట్టారు, ఎదుటి జట్టు డోర్ట్‌మండ్. మొదటి నిమిషంలోనే హైంకెస్ గోల్. హాఫ్‌టైమ్‌కి 6-0. అటు హాంబర్గ్‌లో సెయింట్ పౌలీ మీద కొలోన్ ఇంకా తీరిగ్గా ఆడుతోంది, ఇటు నుంచి వార్త వెళ్తోంది: ఏడు, ఎనిమిది, తొమ్మిది... ఆఖరికి 12-0. హైంకెస్‌వి ఐదు. బుండెస్‌లీగాలో ఇప్పటికీ అంతకంటే పెద్ద గెలుపు లేదు. కొలోన్ కూడా 5-0 గెలిచింది. లెక్క తీస్తే కొలోన్ ప్లస్ 45, గ్లాడ్‌బాక్ ప్లస్ 42. టైటిల్ పోయింది.

ఆటగాడిగా బుండెస్‌లీగాలో ఆయనకి అదే చివరి మ్యాచ్. ఐదు గోల్స్ కొట్టి, 12-0 గెలిచి, రెండో స్థానంతో బూట్లు విప్పాడు.

ఆ రోజు డోర్ట్‌మండ్ కోచ్ ఒటో రేహాగెల్. వెంటనే ఉద్యోగం ఊడింది. అదే రేహాగెల్ 2004లో గ్రీస్‌కి యూరో గెలిపించాడు. ఆటగాడిగా, కోచ్‌గా కలిపి బుండెస్‌లీగా మ్యాచ్‌లలో వెయ్యి దాటినవాళ్లు వీళ్లిద్దరే.

గ్యాలరీ టికెట్
పన్నెండు గోల్స్ తిన్న టీమ్ కోచ్ యూరో గెలిచాడా! ఈ ఒక్క ముక్క కోసం థ్రెడ్ బుక్‌మార్క్ చేసుకుంటున్నా.

తెల్లారుజాము
ఇంకో సంగతి గమనించారా పంతులు గారూ? ఈయన కెరీర్ మొత్తం అవే గోల్ రూల్ వెంటపడింది (రెండు లెగ్‌ల మొత్తం సమానమైతే, ఎదుటివాళ్ల మైదానంలో ఎక్కువ గోల్స్ కొట్టిన జట్టుదే గెలుపు). 1973 యూఫా కప్ ఫైనల్, లివర్‌పూల్‌తో. మొదట మే 9న పెట్టారు, సరిగ్గా ఆయన పుట్టినరోజు. వానకి 27 నిమిషాలకే ఆపేశారు. ఆ కాసేపట్లోనే లివర్‌పూల్ కోచ్ షాంక్లీ గ్లాడ్‌బాక్ డిఫెండర్లు హెడర్లకి తడబడటం చూసి, మర్నాడు పొడుగు మనిషి తోషాక్‌ని దింపాడు. 3-0. అదే మ్యాచ్‌లో హైంకెస్ పెనాల్టీని లివర్‌పూల్ గోలీ క్లెమెన్స్ ఆపాడు. రెండో లెగ్‌లో హైంకెస్ రెండు కొట్టి 2-0 గెలిపించాడు. ఇప్పుడు ఆ పెనాల్టీ పడుంటే?

లెక్కల పంతులు
3-1, 2-0. మొత్తం 3-3. అవే గోల్‌తో కప్పు గ్లాడ్‌బాక్‌ది. అవును, ఆ పెనాల్టీ ఖరీదు ఒక యూఫా కప్.

అదొక్కటే కాదు. 1976 యూరోపియన్ కప్ క్వార్టర్స్, రియల్ మాడ్రిడ్‌తో 2-2, 1-1, అవే గోల్స్‌తో అవుట్. రెండో లెగ్‌లో రిఫరీ గ్లాడ్‌బాక్ గోల్స్ రెండు కొట్టేశాడు. కోచ్ అయ్యాక 1980 యూఫా కప్ ఫైనల్, ఫ్రాంక్‌ఫర్ట్‌తో 3-2, 0-1. మళ్లీ అవే గోల్స్. అన్నింటికంటే దారుణం 1985. రియల్ మాడ్రిడ్‌ని డ్యూసెల్‌డార్ఫ్‌లో 5-1 కొట్టారు. ఎవరైనా ఆ తర్వాత భయపడతారా? మాడ్రిడ్‌లో 4-0. అయిదుకి అయిదు, అవే గోల్‌తో అవుట్.

ఆఫ్‌సైడ్ ఆనందం
5-1 గెలిచి రెండో లెగ్‌లో అవుట్ అయితే అది రూల్ తప్పు కాదు మాస్టారూ, కోచ్ తప్పు. నా వాదన మీరే బలపరుస్తున్నారు, థాంక్స్.

తెల్లారుజాము
రియల్ మాడ్రిడ్ మైదానం బెర్నాబ్యూలో ఆ రోజుల్లో రెండో లెగ్ అంటే ఏంటో ఆండర్లెక్ట్‌ని, ఇంటర్‌ని కూడా అడుగు. ఒక్క గ్లాడ్‌బాకే కాదు అక్కడ మునిగింది.

సరే, కోచ్ కథకి వద్దాం. 1979లో కోచ్ ఉడో లాటెక్ వెళ్లిపోతే గ్లాడ్‌బాక్ ఈయనకి పగ్గాలిచ్చింది. వయసు 34 మాత్రమే. ఎనిమిదేళ్లు ఉన్నాడు, ఒక్క ట్రోఫీ లేదు. కానీ ఆ క్లబ్బు పరిస్థితి చూడాలి. డబ్బు లేదు, మంచి ఆటగాడు తయారైతే పెద్ద క్లబ్బు తీసుకుపోయేది. 1984లో లీగ్ పాయింట్లలో స్టుట్‌గార్ట్, హాంబర్గ్‌లతో సమానంగా నిలిచి గోల్ తేడాతో మూడో స్థానం. అదే ఏడాది జర్మన్ కప్ ఫైనల్ బయెర్న్‌తో పెనాల్టీలదాకా వెళ్లింది. గ్లాడ్‌బాక్ తరఫున మతేయుస్ తన పెనాల్టీ పైకి కొట్టేశాడు. ఆ మతేయుస్ అప్పటికే బయెర్న్‌తో సంతకం పెట్టేశాడు! గ్లాడ్‌బాక్‌లో చాలామంది ఆ పెనాల్టీని ఇప్పటికీ క్షమించలేదు.

రైన్ ఒడ్డు
క్షమించలేదన్నది తక్కువ మాట. మా పక్కింటి పెద్దాయన గ్లాడ్‌బాక్ అభిమాని, టీవీలో మతేయుస్ విశ్లేషణకి వస్తే సౌండ్ తీసేస్తాడు.

ఆ రోజుల్లో హైంకెస్‌కి ఒక ముద్దుపేరు ఉండేది, ఓస్రామ్. అవును, మన ఇళ్లల్లో కూడా ఉండే ఆ బల్బుల కంపెనీయే. టెన్షన్ వచ్చినా కోపం వచ్చినా మొహం ఎర్రగా వెలిగిపోయేదని వోల్ఫ్రామ్ వుట్కే అనే ఆటగాడు పెట్టాడు. ఆయనకి ఆ పేరు అస్సలు నచ్చదు.

కొత్త బంతి
హహ. ఎనిమిదేళ్లలో ట్రోఫీ లేకుండా బయెర్న్ ఎలా పిలిచింది?

తెల్లారుజాము
1987లో లాటెక్ బయెర్న్ నుంచి కూడా వెళ్లిపోయాడు, ఈయన మళ్లీ ఆయన కుర్చీలోకే వెళ్లాడు. తెచ్చింది మాత్రం బయెర్న్ మేనేజర్ ఉలీ హోనెస్. 1989, 1990 రెండు లీగ్‌లు. 1989 లీగ్ రుచే వేరు. కొలోన్ కోచ్ క్రిస్టోఫ్ డౌమ్ నోరు ఊరుకునేది కాదు. హైంకెస్‌తో మాట్లాడటం కంటే వాతావరణ మ్యాప్ చూడటం ఆసక్తిగా ఉంటుందని, ఆయన నిద్రమాత్రలకి ప్రకటన ఇవ్వొచ్చని వెక్కిరించాడు. జెడ్‌డీఎఫ్ టీవీ స్టూడియోలో ఇద్దరినీ కూర్చోబెట్టారు, హోనెస్ డౌమ్ మీద విరుచుకుపడ్డాడు. కొద్దిరోజుల్లోనే కొలోన్‌లో మ్యాచ్. రోలాండ్ వోల్‌ఫార్ట్ మూడు గోల్స్, బయెర్న్ 3-1. టైటిల్ అక్కడే తేలిపోయింది. హైంకెస్ నోటితో జవాబు చెప్పే మనిషి కాదు.

తర్వాత 1990లో టైటిల్ సంబరాల్లో, బాల్కనీ మీద నుంచి అభిమానులకి యూరోపియన్ కప్ తెస్తానని మాటిచ్చేశాడు. మరుసటి ఏడాది సెమీస్‌లో బెల్‌గ్రేడ్ రెడ్ స్టార్ మీద ఆఖరి నిమిషంలో ఔగెన్‌థాలర్ సొంత గోల్. ఎక్స్‌ట్రా టైమ్ కూడా దక్కలేదు. ఆ అక్టోబర్‌లో స్టుట్‌గార్టర్ కికర్స్ లాంటి చిన్న జట్టు చేతిలో సొంత మైదానంలో 1-4. పంపించేశారు. ఆయన్ని తీసేయడం తన జీవితంలో అతి పెద్ద తప్పని హోనెస్ తర్వాత ఎన్నోసార్లు చెప్పాడు. ఆయన తర్వాత వచ్చిన లెర్బీ కూడా ఆ సీజన్ పూర్తిచేయలేదు, బయెర్న్ పదో స్థానంలో తేలింది.

ఆఫ్‌సైడ్ ఆనందం
బాగుంది. ఇప్పుడు మీరు దాటేయబోయే పేజీ నేను చదువుతా. ఫ్రాంక్‌ఫర్ట్, 1994 డిసెంబర్. యెబోవా, ఒకోచా, గౌడినో. ఆ లీగ్‌లో అంత అందంగా ఆడే ముగ్గురు ఒకే టీమ్‌లో ఉండటం అరుదు. ప్రాక్టీస్‌లో మనసు పెట్టలేదని అదనంగా పరుగు తీయమన్నాడు. మర్నాడు హాంబర్గ్‌తో మ్యాచ్, మేం ఆడే స్థితిలో లేమన్నారు. ముగ్గురినీ సస్పెండ్ చేశాడు. యెబోవా లీడ్స్‌కి పోయాడు, గౌడినో మాంచెస్టర్ సిటీకి పోయాడు. హైంకెస్ ఏప్రిల్‌లో తనే రాజీనామా చేశాడు. తర్వాతి ఏడాది ఫ్రాంక్‌ఫర్ట్ రెండో డివిజన్‌కి పడిపోయింది. ఇదేనా గొప్ప కోచ్? ముగ్గురు స్టార్లతో మాట్లాడి దారిలో పెట్టుకోవడం రాలేదు.

తర్వాత బెన్‌ఫికా, అక్కడ 1999లో సెల్టా వీగో చేతిలో 7-0. తర్వాత షాల్కె, 2004లో తీసేశారు. ఈయన పాతకాలం మనిషి, మనం 2004లో ఉన్నాం అన్నట్టు మాట్లాడాడు మేనేజర్ అసావర్. తర్వాత 2006లో సొంత గ్లాడ్‌బాక్‌కే వెళ్లాడు, ఏడు నెలలకే మ్యాచ్‌లు గెలవక, చంపుతామని బెదిరింపులు వచ్చి 2007 జనవరిలో వదిలేశాడు. వరుసగా చూడండి. గార్డియోలా కెరీర్‌లో ఇలాంటి పేజీ ఒక్కటి చూపించండి.

గ్యాలరీ టికెట్
చావు బెదిరింపులు కోచ్ ఖాతాలో వేయడం ఏం న్యాయం అన్నా?

ఆఫ్‌సైడ్ ఆనందం
బెదిరింపులు కాదు తమ్ముడూ, ఫలితాలు వేస్తున్నా.

తెల్లారుజాము
ఫ్రాంక్‌ఫర్ట్ సంగతిలో నీతో నాకు గొడవ లేదు ఆనందం. అక్కడ ఆయన మొండిగా పోయాడు. నేను చెప్పాలనుకున్నది కూడా అదే. ఆ మనిషి 1994లో ఆగిపోలేదు. 2012-13లో రాబెన్‌ని చూడు. సీజన్‌లో చాలాభాగం గాయాలతో, బెంచ్ మీద. థామస్ ముల్లర్ కుడివైపు, క్రూస్ మధ్యలో, టీమ్ ఆయన లేకుండానే పరిగెడుతోంది. 1994 హైంకెస్ అయితే ఆ సీజన్ రాబెన్ క్లబ్బు మారడంతో ముగిసేది. ఏప్రిల్‌లో యువెంటస్ మ్యాచ్‌లో క్రూస్ దెబ్బ తగిలి బయటికి వెళ్లాడు, రాబెన్ లోపలికి వచ్చాడు, ఇక ఆగలేదు. వెంబ్లీలో, డోర్ట్‌మండ్ మీద 2013 చాంపియన్స్ లీగ్ ఫైనల్‌లో, 89వ నిమిషం గోల్ ఎవరిది? బెంచ్ మీద మనిషి చేదెక్కకుండా చూసుకోవడం పెద్ద పని.

ఇంకో వింత చూడు. రాబెన్, రిబెరీ ఇద్దరూ బంతి పోగానే వెనక్కి పరిగెత్తి తమ ఫుల్‌బ్యాక్‌కి సాయం చేస్తున్నారు! వాన్ గాల్ కాలంలో ఆ దృశ్యం ఎవరైనా చూశారా? పైన మాండ్జుకిచ్ డిఫెండర్ల మీద పడటం, వెనక ష్వైన్‌స్టైగర్ పక్కన హావి మార్టినెజ్. మార్టినెజ్ కోసం బిల్బావోకి 40 మిలియన్ యూరోలు కట్టించాడు, అప్పటికి జర్మనీలో అంత ధర ఎవరికీ పెట్టలేదు, అందరూ నవ్వారు. బార్సిలోనాతో సెమీస్‌లో ఆ మార్టినెజ్ మధ్యలో గోడ కట్టాడు. 4-0, 3-0. ఏడు గోల్స్, బదులు ఒక్కటి లేదు.

లెక్కల పంతులు
ఆ సీజన్ లీగ్: 91 పాయింట్లు, రెండో జట్టుకి 25 పాయింట్ల దూరం, తిన్న గోల్స్ 18. ఆరు మ్యాచ్‌లు మిగిలుండగానే ఏప్రిల్ 6న టైటిల్ ఖాయం.

అవే గోల్ అన్నారు కదా, ఆ సీజన్‌లోనే ఆర్సెనల్ మీద లండన్‌లో 3-1 గెలిచి, మ్యూనిక్‌లో 0-2 ఓడారు. మొత్తం 3-3. ఈసారి గట్టెక్కించింది ఆ రూలే. నలభై ఏళ్ల బాకీలో ఒక వాయిదా అనుకోండి.

కొత్త బంతి
ఇది నాకు తెలియనే తెలియదు. ట్రెబుల్ సీజన్‌లో ప్రీక్వార్టర్స్‌లో అంత దగ్గరికి వచ్చిందా?

గ్యాలరీ టికెట్
నేను అడుగుదామనుకున్నది వేరు. 2012 జనవరి 10న ఢిల్లీలో భూటియా ఆఖరి మ్యాచ్ ఆడింది హైంకెస్ బయెర్న్‌తోనే కదా? నేనప్పుడు అక్కడే చదువుకుంటున్నా, నెహ్రూ స్టేడియంలో ఉన్నా. ఎముకలు కొరికే చలి. బయెర్న్ 4-0. అందరి కళ్లూ భూటియా మీద, గోమెజ్, ముల్లర్, ష్వైన్‌స్టైగర్ మీద. అవతలి డగౌట్‌లో ఉన్న పెద్దాయన యూరో గెలిచిన స్ట్రైకరని, బెర్నాబ్యూకి చాంపియన్స్ లీగ్ తెచ్చినవాడని మా గ్యాంగ్‌లో ఒక్కడికీ తెలియదు. కొత్త బంతీ, నీ ప్రశ్నకి ఇదే జవాబేమో. పక్కనే ఉన్నా కనిపించడు.

తెల్లారుజాము
అవును, అదే మ్యాచ్. ఆ ఏడాది మే నెల మాత్రం పగవాడికి కూడా వద్దు. లీగ్‌లో రెండో స్థానం. కప్ ఫైనల్‌లో డోర్ట్‌మండ్ చేతిలో 5-2. మే 19న చెల్సీతో చాంపియన్స్ లీగ్ ఫైనల్, అదీ సొంత స్టేడియంలో. 83వ నిమిషంలో ముల్లర్ గోల్, ఊరంతా గెలిచేశామనుకుంది, 88వ నిమిషంలో డ్రోగ్బా. ఎక్స్‌ట్రా టైమ్‌లో రాబెన్ పెనాల్టీని చెల్సీ గోలీ చెక్ పట్టేశాడు. తర్వాత షూటౌట్‌లో ఓటమి. అప్పటికి ఈయన వయసు 67. ఆ ఆటగాళ్లనే మళ్లీ లేపి నిలబెట్టాడు.

ఏడాది తిరక్కుండా 2013 జనవరిలో క్లబ్బు గార్డియోలా పేరు ప్రకటించింది. ఇంకా ఖాళీ చేయని ఇంటికి టు-లెట్ బోర్డు పెట్టినట్టు. ఆయన ప్రెస్ ముందు రచ్చ చేయలేదు. తర్వాతి నాలుగు నెలల్లో ఏం చేశాడో పంతులు గారు చెప్పేశారు.

వెంబ్లీ ఫైనల్ మనకి అర్ధరాత్రి పన్నెండుంబావుకి. మర్నాడు ఐపీఎల్ ఫైనల్, దేశమంతా స్పాట్ ఫిక్సింగ్ గొడవలో ఉంది. మా హాస్టల్ టీవీ రూమ్‌లో ఐదుగురమే మిగిలాం. అందులో ఇద్దరు డోర్ట్‌మండ్.

రైన్ ఒడ్డు
ఆ సీజన్ ఆఖరి లీగ్ మ్యాచ్ ఎక్కడ పడిందో చూశారా? గ్లాడ్‌బాక్‌లో. 4-3 గెలిచాక ప్రెస్ కాన్ఫరెన్స్‌లో మాట్లాడుతూ మాట్లాడుతూ ఏడ్చేశాడు. 68 ఏళ్ల మనిషి, మొదలుపెట్టిన ఊళ్లోనే.

ఆఫ్‌సైడ్ ఆనందం
ఏడిస్తే గొప్ప కోచ్ అవ్వరు. రియల్ మాడ్రిడ్ అభిమానిగా నేను చెప్పాల్సింది ఇంకోటి ఉంది. 1998 మే 20, ఆమ్‌స్టర్‌డామ్, యువెంటస్ మీద మియాతోవిచ్ గోల్, 1-0. ముప్పై రెండేళ్ల తర్వాత మాకు ఆ కప్పు. దానికి ఆయనకి రుణపడి ఉన్నాం. కానీ కొద్దిరోజుల్లోనే తీసేశారు, ఎందుకు? లీగ్‌లో నాలుగో స్థానం. డ్రెస్సింగ్ రూమ్ చేతిలో లేదు. కప్పు గెలిచింది రౌల్, రెడోండో, హియెర్రో, రాబెర్టో కార్లోస్.

తెల్లారుజాము
కప్పు గెలిస్తే ఆటగాళ్లది, ఓడితే కోచ్‌ది. ఈ లెక్కలో ఏ కోచ్ నిలబడతాడు?

ఆ సీజన్ సెమీస్ మొదటి లెగ్ గుర్తుందా? డోర్ట్‌మండ్ వచ్చింది, ఆట మొదలవకముందే అభిమానులు కంచె లాగడంతో గోల్‌పోస్ట్ కుప్పకూలింది. ఇంకో పోస్ట్ వెతికి తెచ్చేసరికి గంటకి పైగా ఆలస్యం. ఏప్రిల్ 1న! జనం జోకనుకున్నారు. అంత గందరగోళంలో 2-0 గెలిచారు.

లెక్కల పంతులు
ఆనందం గారు 2004, 2007 చెప్పి ఆపేశారు. అక్కడి నుంచి చూడండి. 2009 ఏప్రిల్‌లో క్లిన్స్‌మన్‌ని తీసేశాక బయెర్న్ ఐదు మ్యాచ్‌ల కోసం పిలిచింది: నాలుగు గెలుపు, ఒక డ్రా. వెంటనే లెవర్‌కూసెన్. అక్కడ మొదటి సీజన్‌లో 24 మ్యాచ్‌లు ఓటమి లేకుండా, రెండో సీజన్‌లో లీగ్‌లో రెండో స్థానం. అరవై నాలుగేళ్లకి మొదలైన రెండో ఇన్నింగ్స్ ఇది. చాలామంది కోచ్‌లు ఆ వయసుకి టీవీ స్టూడియోలో కూర్చుంటారు.

రైన్ ఒడ్డు
లెవర్‌కూసెన్ నుంచి ఆయన పక్కన ఉన్న మనిషి గురించి ఎవరూ చెప్పలేదు. పీటర్ హెర్మన్, అసిస్టెంట్. ప్రాక్టీస్ నడిపించేది ఎక్కువగా ఆయనే. 2017 సెప్టెంబర్ చివర్లో అన్చెలోట్టిని తీసేశాక హోనెస్ మళ్లీ హైంకెస్ ఇంటికి వెళ్లాడు. ష్వాల్మ్‌టాల్‌లో పాత పొలం ఇల్లు, కాండో అనే కుక్క, 72 ఏళ్లు. వస్తానన్నాడు, కానీ హెర్మన్ ఉండాలన్నాడు. హెర్మన్ అప్పుడు మా ఫోర్టునా డ్యూసెల్‌డార్ఫ్‌లో అసిస్టెంట్. ఒక అసిస్టెంట్ కోచ్ కోసం బయెర్న్ డబ్బు కట్టి తీసుకెళ్లింది! ఇక్కడ జనానికి కోపం, నవ్వు రెండూ వచ్చాయి.

వచ్చేసరికి డోర్ట్‌మండ్ ఐదు పాయింట్లు ముందు. సీజన్ చివరికి బయెర్న్ రెండో జట్టుకంటే 21 పాయింట్లు ముందు.

ఆఫ్‌సైడ్ ఆనందం
అదే సీజన్ సెమీస్‌లో మా మాడ్రిడ్ చేతిలో పోయారు, కప్ ఫైనల్ కూడా ఫ్రాంక్‌ఫర్ట్ మీద 3-1 ఓడారు. చివరికి ఫ్రాంక్‌ఫర్టే. బాకీ అన్నారుగా పంతులు గారూ.

మోడరేటర్
ఆనందం గారూ, పంతులు గారూ, బాగా నడుస్తోంది, వ్యక్తిగతానికి వెళ్లకుండా ఇలాగే కానివ్వండి. ఒక చిన్న మాట నాది కూడా: 2013 సంవత్సరానికి ఫిఫా ఉత్తమ కోచ్ అవార్డు హైంకెస్‌కే వచ్చింది, అప్పటికి రిటైరై ఇంట్లో ఉన్నాడు. కాబట్టి అసలు గుర్తించలేదనడం సరికాదు.

తెల్లారుజాము
గుర్తించారు, గుర్తుంచుకోలేదు. నా ఉద్దేశంలో కారణం ఒకటే. గార్డియోలాకి ఒక పద్ధతి ఉంది, ఆయన శిష్యులు దాన్ని నాలుగు దేశాల్లో నడుపుతున్నారు. క్లాప్‌కి ఒక పద్ధతి, ఒక నవ్వు, టచ్‌లైన్ దగ్గర గెంతులు. హైంకెస్ ఏ టీమ్‌కి వెళ్తే ఆ టీమ్‌కి సరిపోయేలా ఆడించాడు, వెళ్లిపోయాక ఆయన పేరుతో మిగిలే సిద్ధాంతం ఏదీ లేదు. టీవీలో గంట విశ్లేషణకి సరుకు దొరకదు. పైగా ట్రెబుల్ గెలిచిన నెలలోనే పెప్ వచ్చి కూర్చున్నాడు, కెమెరాలన్నీ అటు తిరిగాయి.

ఆఫ్‌సైడ్ ఆనందం
సిద్ధాంతం లేకపోవడాన్నే నేను లోటంటున్నా, నువ్వు సుగుణం అంటున్నావ్. ఇక్కడ మనిద్దరం కలవం. నా లిస్టులో పదిహేనో స్థానం ఇస్తా, అదీ 1998 కోసం.

కొత్త బంతి
నా "కుర్చీ" మాట ఇక్కడ ఎవరికీ నచ్చలేదని అర్థమైంది, హహ. వీకెండ్‌లో ఒక్క మ్యాచ్ పూర్తిగా చూడాలంటే ఏది చూడను? వెంబ్లీ ఫైనలా?

తెల్లారుజాము
వెంబ్లీ వద్దు, మొదటి అరగంట డోర్ట్‌మండ్‌దే. 2013 ఏప్రిల్ 23, బార్సిలోనా మొదటి లెగ్ చూడు. బంతి వెంట కాకుండా రిబెరీ వెంట కళ్లు పెట్టి చూడు, తొంభై నిమిషాలూ.

లెక్కల పంతులు
నన్నడిగితే 1975 ట్వెంటె రెండో లెగ్. వీడియో మసకగా ఉంటుంది, కామెంటరీ జర్మన్‌లో. పర్వాలేదు, గోల్స్ కనపడతాయి.

ఆఫ్‌సైడ్ ఆనందం
1985 బెర్నాబ్యూ చూడు బ్రదర్. 4-0.